ప్వెర్తో మొరేలోస్ నిజంగా జాలరి పల్లేనా? కాన్‌కున్ పక్కనే ఉండి ఎందుకు చిన్నగా మిగిలింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిసెంబరులో డాలస్ నుంచి కుటుంబంతో మెక్సికోలోని కాన్‌కున్ వెళ్తున్నారు, చివరి రెండు రోజులు ప్వెర్తో మొరేలోస్‌లో ఉందామనుకుంటున్నారు. అందరూ దాన్ని "పాత జాలరి పల్లె" అంటున్నారు. అసలు ఆ ఊరు ఎప్పుడు పుట్టింది, 35 కిలోమీటర్ల దూరంలోని కాన్‌కున్ అంత పెద్ద నగరమైతే ఇది ఎందుకు చిన్నగా ఉండిపోయింది, ఆ చరిత్ర కళ్ళతో చూడాలంటే రెండు రోజుల్లో ఎక్కడికి వెళ్ళాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. అది జాలరి పల్లెగా పుట్టలేదండీ. అడవి సరుకు ఓడలకెక్కించడానికి 1898లో ఒక కంపెనీ కట్టుకున్న రేవు అది. చేపల వేట బతుకుతెరువుగా మారింది తర్వాత, అడవి సరుకుకి గిరాకీ పడిపోయాక. చిన్నగా మిగలడానికి ముఖ్యంగా మూడు కారణాలు: ఎదురుగా పగడపు దిబ్బ, వెనక మడ అడవి, 1970లో ప్రభుత్వం తన డబ్బు మరోచోట పెట్టడం. ఇక "చిన్న ఊరు" అన్నమాట సగమే నిజం. ఊరు బాగానే పెరిగింది, కాకపోతే హైవేకి అవతల, పర్యాటకులు వెళ్ళని వైపు పెరిగింది.

నేను తీరం కోత మీద పనిచేసే సివిల్ ఇంజనీరుని. ఆ తీరంలో ఆరేళ్ళు బీచ్ కొలతలు తీశాను, అందులో నాలుగేళ్ళు ఆ ఊళ్ళోనే అద్దెకున్నాను. మా అమ్మమ్మగారిది కాకినాడ పక్కన ఉప్పాడ. సముద్రం ఇళ్ళని మింగేయడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కాబట్టి, తుపాను వచ్చి పోయాక కూడా బీచ్ నిలబడే ఊరు కనిపిస్తే దాని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

రేవు ఎందుకు కట్టారంటే

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో యూకటాన్ ద్వీపకల్పం తూర్పు వైపంతా యుద్ధభూమి. 1847లో మాయా ప్రజలు తిరగబడ్డారు. ఆ పోరాటం 1901 దాకా నడిచింది. ఆ అడవుల మీద మెక్సికో ప్రభుత్వానికి పట్టు లేదు. పట్టు తెచ్చుకోవడానికి అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ పట్టుకున్న దారి ఏమిటంటే, పెద్ద పెద్ద అడవి భూములని కంపెనీలకి రాసివ్వడం. అలా ఉత్తర భాగం ఒక వలస కంపెనీ చేతికి వచ్చింది. దాని వెనక ఉన్నది బాంకో దె లోంద్రెస్ ఈ మెహికో అనే బ్యాంకు. ఆ కంపెనీయే పుంతా కోర్చో అనే చోట 1898లో రేవు కట్టి, స్వాతంత్ర్య వీరుడు హోసే మరియా మొరేలోస్ పేరు పెట్టింది. నాలుగేళ్ళకి, 1902లో, ఆ ప్రాంతాన్ని యూకటాన్ నుంచి విడదీసి కింతానా రో అనే కేంద్ర పాలిత ప్రాంతం చేశారు. రాష్ట్రం అయింది 1974లోనే.

ఓడలకెక్కిన సరుకులో స్పానిష్ సెడార్, మహాగని దుంగలున్నాయి, రంగు తీసే చెక్క ఉంది. కానీ ఆ రేవుని దశాబ్దాల పాటు నిలబెట్టింది ఒక చెట్టు పాలు. ఆ చెట్టు మీకు బాగా తెలుసు. మన సపోటా.

పచ్చి సపోటాకాయని గోరుతో గిల్లితే తెల్లటి పాలు వచ్చి వేళ్ళకి అంటుకుంటాయే, అదే. ఆ చెట్టు మొదలుకి కత్తితో ఏటవాలు గాట్లు పెడితే పాలు కిందికి జారి అడుగున కట్టిన సంచిలో పడతాయి. వాటిని కాగులో కాచి దిమ్మలుగా పోసేవారు. దాని పేరు చిక్లే. చూయింగ్‌గమ్ ఒకప్పుడు ఎక్కువగా దానితోనే చేసేవారు. 1870ల నుంచి అమెరికాలో గమ్ కంపెనీలు పెరిగినకొద్దీ యూకటాన్ అడవుల్లో సపోటా చెట్ల మీద గాట్లు పెరిగాయి. మన "సపోటా" అన్న మాట కూడా మెక్సికోదే. నహువాత్ల్ భాషలో "త్జపోత్ల్" స్పానిష్‌లో "సపోతే" అయి, కాయతో పాటు మన దాకా వచ్చింది. నేను ఈ సంగతి తెలుసుకున్నది అక్కడి ఒక పెద్దాయన పెరట్లో. ఆయన మాటల మధ్యలో పక్కన ఉన్న చెట్టు మీద చెయ్యి వేస్తే, తలెత్తి చూసి మా తోటలోదే కదా అనుకున్నాను.

పాలు తీసే పని వానాకాలంలోనే. వాన పడితేనే చెట్టులో పాలు బాగా కదులుతాయి. చిక్లేరోలు అనే కూలీలు నెలల తరబడి అడవిలో గుడారాల్లో ఉండేవారు. వాళ్ళలో చాలామంది వేరాక్రూస్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ముందే అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరకుండా చూసి కట్టిపడేసేవారు. తాడుకట్టుకుని చెట్టెక్కి, చేతిలో కత్తితో, ఒకోసారి తన తాడే తెగ్గొట్టుకుని పడిపోయిన మనుషులున్నారు. ఒకసారి గాట్లు పెట్టిన చెట్టుని కొన్నేళ్ళు వదిలేయాలి, లేకపోతే ఎండిపోతుంది. అందుకే మనుషులు లోపలికి, ఇంకా లోపలికి పోతూ ఉండేవారు. లోపలి మకాముల నుంచి రేవుకి ఇరుకు పట్టాలు వేసి, కంచరగాడిదలు లాగే బళ్ళ మీద దిమ్మలు తెచ్చేవారు. ఆ మకాముల్లో పెద్దది సాంతా మరియా, ఇప్పుడు లియోనా వికారియో అంటారు. నేటికీ అది ప్వెర్తో మొరేలోస్ మునిసిపాలిటీలోనే ఉంది. తీరం నుంచి అంత లోపల ఉన్న ఊరు రేవు పట్నంతో ఎందుకు కలిసి ఉందని మ్యాప్ చూసినవాళ్ళకి అనుమానం వస్తుంది. కారణం ఆ పట్టాలు.

రేవు పోయి పల్లె అయిన కాలం

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల రేషన్‌లో చూయింగ్‌గమ్ ఉండేది, కాబట్టి 1940ల మొదట్లో చిక్లేకి మంచి గిరాకీ. యుద్ధం అయ్యాక ప్రయోగశాలలో తయారైన చవక పదార్థాలు వచ్చాయి, చిక్లే అవసరం తగ్గిపోయింది. అడవి పని పోయింది. అప్పటికే భూసంస్కరణల్లో అక్కడివాళ్ళకి ఎహీదో వచ్చింది. ఎహీదో అంటే ఊరి రైతులందరికీ ఉమ్మడిగా ఇచ్చిన భూమి. భూమి ఉంది, కానీ ఆ సున్నపురాయి నేల మీద ఏం పండుతుంది? మిగిలినవాళ్ళు సముద్రం వైపు తిరిగారు. లాబ్‌స్టర్, చేపలు, కొబ్బరి తోటలు. సహకార సంఘం పెట్టుకున్నారు. మీరు చదివిన "పాత జాలరి పల్లె" ఇదే. వయసు రీత్యా చూస్తే ఇది ఆ ఊరి రెండో జన్మ.

1967 సెప్టెంబరులో బ్యూలా తుపాను వచ్చింది. ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ పునాది కింద ఇసుక కోసుకుపోయి పక్కకి ఒరిగింది, పడిపోలేదు. దాన్ని అలాగే ఉంచి, వెనక కొత్తది కట్టుకున్నారు. ఊరి గుర్తు ఇప్పటికీ ఆ ఒరిగిన స్తంభమే. నేను మొదటిసారి చూసినప్పుడు ఇంజనీరు బుద్ధితో ఎన్ని డిగ్రీలు ఒరిగిందో కొలవబోతే, పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఆ రాత్రి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఊరి జనమంతా ఉన్న కొద్ది గట్టి గోడల మధ్యకి చేరారట, తెల్లారి వచ్చి చూస్తే పడవలు చెట్లలో ఉన్నాయట. టేపు పక్కన పెట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళు కోసుమెల్ దీవికి వాహనాలు, సరుకులు మోసే ఫెర్రీ ఇక్కడి నుంచే నడిచింది. ఫెర్రీ కోసం లారీలు వరసలో ఆగడం, డ్రైవర్లకి అన్నం వండిపెట్టే చిన్న హోటళ్ళు, ఊళ్ళో అదే వ్యాపారం.

కాన్‌కున్ వచ్చింది, ఇక్కడికి రాలేదు

1960ల చివర మెక్సికో కేంద్ర బ్యాంకు ఒక పట్టిక వేసుకుని కొత్త పర్యాటక నగరాలకి చోటు వెతికింది. కాన్‌కున్ అనే ఇసుక దీవి ఎంపికైంది. 1970లో పని మొదలైంది, ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పు వచ్చింది, 1974 నాటికి మొదటి హోటళ్ళు తెరిచారు. 2020 జనాభా లెక్కల్లో ఆ నగరంలో 8,88,797 మంది. అదే లెక్కల్లో ప్వెర్తో మొరేలోస్ మునిసిపాలిటీ మొత్తం, లోపలి ఊళ్ళతో కలిపి, 26,921.

ఎందుకు అక్కడ, ఇక్కడ ఎందుకు కాదు? ఒక తీర ఇంజనీరుగా నేను చెప్పగలిగింది ఇది. కాన్‌కున్‌లో బయటి సముద్రం నేరుగా ఒడ్డుని తాకుతుంది. అలలు పెద్దవి, అడుగు తెల్లటి ఇసుక, నీరు పోస్టర్లలో కనిపించే నీలం. ప్వెర్తో మొరేలోస్‌లో ఒడ్డుకి అర కిలోమీటరు దూరంలోనే పగడపు దిబ్బ గోడలా ఉంది. ఒడ్డుకీ దిబ్బకీ మధ్య లోతు తక్కువ, అడుగున సముద్రపు గడ్డి. పైనుంచి చూస్తే మచ్చలు మచ్చలుగా ఉంటుంది. హోటళ్ళవాళ్ళకి ఆ మచ్చలు నచ్చవు. ఊరి వెనక చూస్తే వెడల్పాటి మడ అడవి. హైవే నుంచి ఒడ్డుకి రావాలంటే ఆ చిత్తడి మీదుగా వేసిన రోడ్డే దిక్కు. నగరం విస్తరించడానికి నేల ఎక్కడుంది?

కానీ పక్కన నగరం లేస్తే పనివాళ్ళు ఎక్కడో ఉండాలి కదా. ఊరికి వచ్చిన కొత్త కుటుంబాలు మడ అడవి దాటి, 307 నంబరు హైవేకి అవతల ఇళ్ళు వేసుకున్నాయి. ఆ పేట పేరు కొలోనియా హోవాకిన్ సెతీనా గాస్కా. ఊళ్ళో అందరూ "లా కొలోనియా" అంటారు. ఒడ్డున ఇళ్ళు అద్దెకీ అమ్మకానికీ పెరిగి ధరలు ఎక్కినకొద్దీ, తాతల కాలం నుంచి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా కొందరు అటు మారారు. మేం అద్దెకున్న ఇంటావిడ ఉదయం బీచ్ పక్కన హోటల్లో గదులు సర్దడానికి సైకిల్ మీద వచ్చి, సాయంత్రం అవతలికి వెళ్ళేది. తను పుట్టింది మాత్రం లైట్‌హౌస్‌కి మూడిళ్ళ అవతల. ఊరు ఎదిగిందా అని అడిగితే, కొలోనియాని చూడకుండా జవాబు చెప్పకూడదు. స్కూళ్ళు, బజారు, చర్చిలు, సాయంత్రం పిల్లల ఫుట్‌బాల్, ఊరి జీవితం చాలావరకు అక్కడే ఉంది.

పగడపు దిబ్బ ఆ ఊరికి ఏం చేసింది

ఇక్కడ కొంచెం ఆగుతాను. నేను అక్కడికి వెళ్ళిందే దీని కోసం.

1990ల మధ్యలో హోటళ్ళ నుంచి పెద్ద పడవలు ఈ దిబ్బ మీదికి రావడం ఎక్కువైంది. ఊరివాళ్ళు, జాలర్లు, 1980ల నుంచి అక్కడ ఉన్న జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్తలు కలిసి ప్రభుత్వాన్ని అడిగారు. 1998 ఫిబ్రవరిలో ఆ దిబ్బని జాతీయ పార్కుగా ప్రకటించారు, 9,066 హెక్టార్లు. పైనుంచి వచ్చిన ఆదేశం కాదు, ఊరు పట్టుబట్టి తెచ్చుకున్నది. జాలరి సంఘం సభ్యులే తర్వాత స్నార్కెలింగ్ (నీటి మీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ అడుగు చూడటం) గైడ్లయ్యారు.

2005 అక్టోబరులో విల్మా తుపాను ఈ తీరం మీద రెండు రోజులకి పైగా కదలకుండా కూర్చుంది. కాన్‌కున్ బీచ్ చాలా చోట్ల రాయి తేలేదాకా పోయింది. తర్వాత సముద్రం అడుగు నుంచి ఇసుక తవ్వి రెండుసార్లు పోయాల్సి వచ్చింది. అదే తుపానులో ప్వెర్తో మొరేలోస్ బీచ్ తగ్గలేదు సరికదా, పెరిగింది. దిబ్బ పెద్ద అలల్ని బయటే విరిచేసింది, లోపలికి కొట్టుకొచ్చిన ఇసుక ఒడ్డున మేట వేసింది. ప్రపంచంలో చాలా దిబ్బల మీద చేసిన కొలతల్ని కలిపి చూస్తే, దిబ్బ అల శక్తిలో సగటున 97 శాతం తినేస్తుందని తేలింది. ఉప్పాడలో అలాంటి అడ్డు లేదు. అక్కడ రాళ్ళు పోశాం, ఇసుక సంచుల గొట్టాలు పెట్టాం, సముద్రం వాటిని పక్కకి నెట్టి రోడ్డు మీదికి వచ్చింది. ఒకచోట డబ్బుతో ఆపలేనిది ఇంకోచోట ప్రాణమున్న జీవి ఊరికే ఆపుతోంది. ఆ తేడా నా కొలతల పుస్తకంలో అంకెలుగా చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అయితే దిబ్బ ఉంటే చాలదు. ఒడ్డున ఇసుక మేటలు, వాటి మీద తీగలు కూడా ఉండాలి. ఊరికి దూరంగా ఒక రిసార్టువాళ్ళు ఈత కొలను సముద్రానికి దగ్గరగా ఉండాలని మేటని చదును చేశారు. వద్దని రాసిచ్చాం. రెండో చలికాలంలో ఉత్తరం గాలి తుపాను వచ్చి వాళ్ళ మెట్లు గాల్లో వేలాడాయి. పక్కనే మేట వదిలేసిన స్థలంలో బీచ్ పది రోజుల్లో మళ్ళీ నిండింది.

2018లో కింతానా రో రాష్ట్ర ప్రభుత్వం, పర్యావరణ సంస్థలు కలిసి పగడపు దిబ్బకి బీమా చేయించే ఏర్పాటు చేశాయి. తుపాను గాలి ఒక వేగం దాటితే నష్టం లెక్క కోసం ఎదురుచూడకుండా డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో విరిగిన పగడాల్ని వెంటనే తిరిగి అతికిస్తారు. 2020 అక్టోబరులో డెల్టా తుపాను తర్వాత సుమారు 8.5 లక్షల డాలర్లు వచ్చాయి. అతికించడానికి నీళ్ళలోకి దిగిన బృందాల్లో జాలర్లున్నారు, గైడ్లున్నారు. విరిగిన ముక్క ప్రాణంతో ఉండేది కొన్ని రోజులే, అందుకే అంత తొందర.

బాధ కలిగించే సంగతులు కూడా చెప్పాలి. 2018 వేసవిలో రాతి పగడాల కణజాలం ఊడిపోయే జబ్బు మెక్సికో కరీబియన్ తీరంలో మొదట ఈ ఊరి దగ్గరే కనబడింది. శతాబ్దాల వయసున్న పగడాలు వారాల్లో తెల్లబడిపోయాయి. 2015 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు గుట్టలుగా కొట్టుకొచ్చి, ఒడ్డున కుళ్ళి, నీటిని మట్టిరంగు చేసి సముద్రపు గడ్డిని చంపుతోంది. ఇక కంటికి కనిపించనిది మురుగు. యూకటాన్ ఉత్తర భాగంలో నేల మీద నదుల్లేవు. వాన నీరైనా మురుగైనా సున్నపురాయి పగుళ్ళలో దిగి, నేల కింద పారి, సముద్రంలో ఊటలుగా పైకి వస్తుంది. అంటే కొలోనియాలో సరైన డ్రైనేజీ లేకపోతే ఆ ఫలితం మైళ్ళ అవతల దిబ్బ మీద కనిపిస్తుంది. నేను అక్కడ చూసిన ప్రతి సమావేశంలోనూ బీచ్ గురించి గంట మాట్లాడేవారు, ఈ పైపుల గురించి అయిదు నిమిషాలు. నా అభిప్రాయంలో క్రమం తిరగబడాలి. అవతలి పేటకి మురుగు శుద్ధి ఏర్పాటు చేయడమే దిబ్బకి చేసే మొదటి వైద్యం.

ఇప్పుడు

2016 జనవరిలో ఊరు కాన్‌కున్ ఉన్న మునిసిపాలిటీ నుంచి విడిపోయి సొంత మునిసిపాలిటీ అయింది. 2007 నుంచి మడ అడవుల నరికివేత మీద దేశమంతటికీ గట్టి చట్టం ఉంది, అయినా ఒడ్డు పొడవునా ఉత్తరానికీ దక్షిణానికీ పెద్ద రిసార్టులు వచ్చాయి. 2024 ఫిబ్రవరి చివర మాయా రైలు కాన్‌కున్ నుంచి ప్లాయా దెల్ కార్మెన్ దాకా నడవడం మొదలైంది. ఇక్కడా స్టేషనుంది, లియోనా వికారియోలోనూ ఉంది. కంచరగాడిదల బళ్ళు తిరిగిన రెండు ఊళ్ళకీ మళ్ళీ పట్టాలొచ్చాయి. ఈసారి అడవి మధ్య ఎంత నరికారన్న దాని మీద అక్కడ చాలా గొడవ జరిగింది. నాకూ ఆ బాధ ఉంది.

మీ రెండు రోజులకి

డిసెంబరు మంచి కాలం, నాచు సాధారణంగా ఉండదు. కానీ ఉత్తరం గాలులు వస్తాయి, "నోర్తే" అంటారు. ఆ రోజుల్లో చిన్న పడవలకి రేవు మూసేస్తారు. కాబట్టి దిబ్బ చూడటం మొదటి రోజే పెట్టుకోండి, గాలి వస్తే రెండో రోజు చేతిలో ఉంటుంది. పార్కులో గైడుతోనే దిగాలి, లైఫ్ జాకెట్ తప్పనిసరి. జాలరి సంఘం పడవల్నే అడగండి. సన్‌స్క్రీన్ రాసుకోకుండా పొడుగు చేతుల స్విమ్ షర్టు వేసుకోండి, పిల్లలకి కూడా. సాయంత్రం ఒరిగిన లైట్‌హౌస్ నుంచి ఊరి చౌరస్తా దాకా నడవండి.

రెండో రోజు ఉదయం ఒడ్డు నుంచి కొలెక్తీవో, అంటే మన షేర్ ఆటో లాంటి వ్యాన్, ఎక్కి మడ అడవి దాటి కొలోనియాకి వెళ్ళి అక్కడే టిఫిన్ చేయండి. తర్వాత హైవే పక్కనున్న బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళండి. దోమల మందు మర్చిపోవద్దు. లోపల చిక్లేరోల గుడారం ఎలా ఉండేదో కట్టి చూపిస్తారు. అక్కడున్న సపోటా చెట్ల మొదళ్ళ మీద పాత గాట్లు కనిపిస్తాయి, మానిపోయి నల్లబడి ఉంటాయి. పిల్లల చెయ్యి వాటి మీద పెట్టించి, ఇది మన ఊరి చెట్టేనని చెప్పండి.